కానాడుకాత్తాన్ ఇళ్లు: ఒకే కప్పు, వేరు పొయ్యిలు

సభకు నమస్కారం. తమిళనాడులో కారైక్కుడికి దగ్గరగా ఉన్న కానాడుకాత్తాన్ అనే చిన్న ఊరిలోని నాట్టుకోట్టై చెట్టియార్లనే వర్తక కులస్థుల ఇళ్ల గురించి ఈ పూట మాట్లాడతాను. ఈ ఇళ్లను వర్ణించేవారు చాలామంది బర్మా టేకు స్తంభాల దగ్గరా, ఇటలీ పాలరాతి దగ్గరా ఆగిపోతారు. నాకైతే అంతకంటే వాటి అమరికే గొప్పగా తోస్తుంది.

బర్మా, సింహళం, మలయాలలో వడ్డీ వ్యాపారంతో గడించిన సొమ్ముతో, 19వ శతాబ్ది మధ్య నుంచి 1940ల దాకా కట్టిన ఈ ఇళ్లలో పెద్దవి ఒక వీధిలో మొదలై వెనక వీధిలో ముగుస్తాయి. వాకిలికి ఇరువైపులా ఎత్తైన అరుగులుంటాయి. వచ్చినవారితో మాటలూ, బేరసారాలూ అక్కడే. గడప దాటితే మన మండువాను తలపించే ముంగిలి, చుట్టూ స్తంభాల వసారా, దాని వెంట వరుసగా చిన్న గదులు. పెళ్లయిన ప్రతి కొడుక్కీ ఒక గది ఇస్తారు కాని, అది ప్రధానంగా సామాను దాచుకోవడానికే. మనుషులు మసలేది వసారాల్లో. పెళ్లయిన జంటను 'పుళ్ళి' అని విడిగా లెక్కించి, కప్పు ఉమ్మడిగా ఉన్నా వంట వేరుగా పెట్టించడం ఈ సమాజం పద్ధతి. వెనక ముంగిట్లోని వేర్వేరు పొయ్యిలకు కారణం తగవులు కావు, ముందే వేసుకున్న లెక్క.

వాన నీరు పెంకుల మీంచి ముంగిట్లోకి దిగి, కాలువల గుండా ఊరి కోనేళ్లకు చేరుతుంది. మెట్ట ప్రాంతంలో ఇది షోకు కాదు, అవసరం. గోడలకు సున్నం, కరక్కాయ, బెల్లం, గుడ్డు తెల్లసొన కలిపిన పూత పూసి, అద్దంలా మెరిసేదాకా రుద్దేవారు. నేల పలకలు పక్కనున్న ఆత్తంగుడివి: గాజు పలక మీద రేకు అచ్చు పెట్టి, రంగు సిమెంటు పోసి, పైన పొడి ఇసుక సిమెంటు చల్లి, దాని మీద ముద్ద సిమెంటు పరుస్తారు. వాటిని కాల్చరు, నీళ్లలో నానబెట్టి ఎండబెడతారు. పై నునుపు గాజుదే.

1942లో జపాన్ సైన్యం బర్మాను ఆక్రమించాక ఆ రాబడి కుప్పకూలింది. ఇప్పుడు ఒక్కో ఇంటికి పదుల సంఖ్యలో వాటాదారులు. ఎక్కడెక్కడో ఉన్నవారంతా ఒప్పుకుంటే తప్ప కప్పుకు మరమ్మతు జరగదు. అలా పడిపోయిన ఇళ్ల స్తంభాలూ తలుపులూ కారైక్కుడి పాత సామాను దుకాణాలకు చేరుతున్నాయి. కొన్ని ఇళ్లు హోటళ్లుగా మారి నిలబడ్డాయి. 2014లో ఈ చెట్టియార్ల ఊళ్లున్న చెట్టినాడు ప్రాంతం యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకు ఎక్కింది కాని, వాటాల చిక్కును ఆ జాబితా విప్పలేదు.