ఒకే ప్రశ్నపత్రం ఇస్తే సరిపోతుందా?

శ్రోతలకు నమస్కారం.

పొద్దున్నే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ వైపు వెళ్తే, బ్యాగులు తగిలించుకుని వచ్చే పిల్లలు కనిపిస్తారు. ఎక్కువమంది గ్రూప్స్‌కి చదివేవాళ్ళే. పక్కనే అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఇరుకిరుగ్గా సర్దుకుంటూ, నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందా అని టెన్షన్ పడుతుంటారు. వాళ్ళలో ఇద్దరమ్మాయిలను ఊహించుకోండి. ఒకమ్మాయి తండ్రి ఆఫీసరు. కోచింగ్‌కీ పుస్తకాలకీ లోటు లేదు. రెండో అమ్మాయిది పాలమూరు, కూలికి వెళ్ళే ఇల్లు. పగలంతా బట్టల షాపులో నిలబడి, రాత్రి ఎనిమిది దాటాక పుస్తకం తెరుస్తుంది. పరీక్ష రోజు ఇద్దరికీ ఒకే ప్రశ్నపత్రం, ఒకే సమయం. మరి ఇది సమాన అవకాశమేనా?

1962లో బ్రిటిష్ తత్వవేత్త బెర్నార్డ్ విలియమ్స్ ఒక ఉదాహరణ చెప్పాడు. ఒక సమాజంలో యోధులకే గౌరవమంతా. మొదట్లో ధనిక కుటుంబాల వాళ్ళనే యోధులుగా తీసుకునేవారు. తర్వాత రూల్ మార్చి, ఎవరైనా పోటీకి రావచ్చన్నారు. అయినా గెలిచేది దాదాపు ధనికుల పిల్లలే. ఎందుకంటే మిగతావాళ్ళకి చిన్నప్పటి నుంచీ కడుపునిండా తిండి లేదు, ఒంట్లో బలం లేదు. తలుపు తెరిచారు సరే, అక్కడిదాకా నడిచే సత్తువ ఎవరిస్తారు?

అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో దీన్నే ఇంకా గట్టిగా చెప్పాడు. ఒకే ప్రతిభ, ఒకే పట్టుదల ఉన్న ఇద్దరికి, ఏ ఇంట్లో పుట్టినా, ముందుకు వెళ్ళే అవకాశాలు ఒకేలా ఉండాలన్నాడు. కుటుంబమనేది ఉన్నంతకాలం ఇది పూర్తిగా సాధ్యం కాదని కూడా ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీ నాకు చాలా నచ్చుతుంది. పిల్లలకు రాత్రిపూట కథలు చెప్పొద్దని, హోంవర్క్ చేయించొద్దని ఏ తల్లికీ చెప్పలేం కదా! ఆఫీసరు గారమ్మాయి ఏ తప్పూ చేయలేదు. కష్టపడే చదివింది. ఆమెకున్నది లాగేసుకోవడం కాదు నేనడిగేది, రెండో అమ్మాయికి ఇంట్లో దొరకనిది సమాజం సమకూర్చాలని.

మన రాజ్యాంగం ఈ సంగతి ముందే గుర్తించింది. 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాల్లో అందరికీ సమాన అవకాశం అంటూనే, తగిన ప్రాతినిధ్యం లేని వెనకబడిన వర్గాలకు రిజర్వేషన్లు ఇవ్వవచ్చంటుంది. రెండోది మొదటిదానికి మినహాయింపు అని చాలామంది అనుకుంటారు. కాదని 1992లో ఇంద్రా సాహ్నీ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. సమాన అవకాశాన్ని నిజం చేసే దారుల్లో అదీ ఒకటి. అయితే అది ఒక్కటే చాలదు. ఉద్యోగం దగ్గర మొదలుపెట్టేసరికి ఇరవై ఏళ్ళు ఆలస్యమైపోయి ఉంటుంది.

ఈ మాట హైదరాబాద్‌కి కొత్త కాదు. ఇక్కడే 1888లో పుట్టిన భాగ్యరెడ్డి వర్మ, 1906లో జగన్మిత్ర మండలి స్థాపించి, అంటరానివాళ్ళంటూ దూరం పెట్టిన పిల్లల కోసం బడులు నడిపారు. ఉద్యోగాల తలుపులు తెరిచేదాకా ఆగలేదు, అక్షరాలతో మొదలుపెట్టారు. ఈ రోజు మన వీధి అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్డు సరిగ్గా అందుతోందా, సర్కారు బడిలో ప్రతి క్లాసుకీ టీచరున్నారా అన్నవి కూడా నా దృష్టిలో గ్రూప్స్ పరీక్షకు సంబంధించిన ప్రశ్నలే. ఈ వారం ఒక్కసారి వెళ్ళి చూడండి.