ఆ నీలం గీతను ఎందుకు తుడిచిండ్రు?

అందరికీ నమస్తే. స్టేజి మీదున్న పెద్దలకు, హెచ్ఎం మేడం గారికి, ఈ లైబ్రరీ హాలు మనకు ఇప్పించిన సెక్రటరీ గారికి, పొద్దుగాల నుంచి ఫ్రేములు మోసుకొచ్చి గోడలకు తగిలించిన నైన్త్, టెన్త్ పిల్లలకు, ఇగ అందరి పేర్లు చదువుకుంట పోతే నా టైమంత దాంట్లోనే అయిపోతది కాబట్టి అందరికీ కలిపి దండం.

నన్ను పిలిచినప్పుడు "పిల్లలు, రంగులు" అని టాపిక్ ఇచ్చిండ్రు. బాలల దినోత్సవం కదా టీచర్, నాలుగు మంచి మాటలు చెప్పుండ్రి అన్నరు. చెప్త. కానీ నాకు ఒక గోడ గురించి చెప్పాల్సి ఉన్నది, అది చెప్పకుండా ఈ మైకు వదలను.

ముందుగాల లోపలున్న బొమ్మల గురించి. అన్నీ చూసిన, పిల్లలకు చేయి బాగ తిరిగింది, షేడింగ్ అయితే కొందరిది నిజంగ గొప్పగ ఉన్నది. కానీ చెట్లు నరకొద్దు అని ఒకటి, నీళ్ళు పొదుపు చేయండి అని ఒకటి, భూగోళానికి కండ్లు పెట్టి ఏడిపించింది ఇంకొకటి. నీళ్ళ బొమ్మ గీసిన బిడ్డను పక్కకు పిలిచి అడిగిన, ఇది ఎవరికి చెప్తున్నవమ్మా అని. అందరికీ టీచర్ అన్నది. మీ ఇంటికి నల్లా ఎప్పుడొస్తది అంటే రోజు విడిచి రోజు, అది గూడ కొంచెం సేపే అన్నది. బిందెలు మోసే పిల్లతోని మనం నీళ్ళు పొదుపు చేయుమని పోస్టర్ గీయిస్తున్నం! ఆ పిల్ల చేయాల్సిన పొదుపు ఇంకేమున్నదండీ? ఆ పిల్ల తన నల్లా కాడి లైను గీస్తే, అక్కడ ఎవరు ఎవరితోని కొట్లాడుతరో, ట్యాంకర్ వస్తే ముందుగాల ఎవరు ఉరుకుతరో అది గీస్తే, అప్పుడు అది ఆమె బొమ్మ అయితది. సామాజిక స్పృహ, సామాజిక స్పృహ అని సర్క్యులర్లలో రాస్తరు గదా, నినాదానికి రంగులేస్తే అది రాదు. పిల్లలు పోయి వాళ్ళ గల్లీని అడిగి రావాలె.

ఇంకొక మాట గూడ అంటరు, వీధి బొమ్మలు ఫారిన్ నుంచి వచ్చినయి, మన పిల్లలకెందుకు అని. మన చేర్యాల పటం ఏంది మరి? ఖద్దరు బట్టకు చింతగింజల బంక, సుద్దమట్టి పూసి, ఎర్రటి బ్యాక్‌గ్రౌండ్ మీద కథ గీసి, ఆ పటం పట్టుకొని ఊరూరు తిరిగి జనం ముందట విప్పి ఒక్కో బొమ్మ చూపించుకుంట వాళ్ళ వాళ్ళ కులపురాణాలు చెప్పేటోళ్ళు. టికెట్ లేదు, గ్యాలరీ లేదు, నడిబజార్లనే. మన ఊళ్ళల్ల ఆడోళ్ళు గోడలకు జాజు పూసి సున్నంతోని గీతలు పెట్టేది ఎవరు నేర్పిండ్రు? ఫ్లెక్సీలు రాకముందు మన హైదరాబాద్ల ప్రతి షాపు బోర్డు చేతితోనే రాసేటోళ్ళు, ఆ ఆర్టిస్టులు ఒకే బోర్డు మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీష్ మూడూ రాసేటోళ్ళు, ఇప్పుడు వాళ్ళల్ల ఎంతమందికి పని ఉన్నదో మీరే చూసుకోండి. 2016ల స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వాళ్ళు ఎం.ఎస్. మక్తాల ఇండ్ల గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేయించిండ్రు, రాజ్‌భవన్ దగ్గరనే, పిల్లలను తీసుకపోయి చూపెట్టుండ్రి. మన స్వాతి, విజయ్ అని ఇద్దరు ఆర్టిస్టులు ఊరోళ్ళ మొహాలు గోడంత ఎత్తు గీస్తరు, ముక్కుపుడకతో సహా. ఎవరో సినిమా యాక్టర్ మొహం కాదు, మన అమ్మమ్మ లాంటి ఆమె మొహం అంతెత్తున ఉంటే దాని కింద నిలబడ్డ పిల్లకు ఏమనిపిస్తదో నేను కండ్లార చూసిన.

సరే, గోడ కాడికొస్త.

నేను పనిచేసిన ఒక హైస్కూల్ ఉండె, పేరు చెప్పను, ఒక చెరువు కింద బస్తీల ఉంటది. 2020 అక్టోబర్ల పడ్డ వాన మీకందరికీ యాదికున్నది, చెరువులు అలుగు పోసి, గుర్రం చెరువు కట్ట తెగి, ఎన్ని కాలనీలు మునిగినయో. మా బస్తీ గూడ మునిగింది. బళ్ళు మళ్ళా తెరిచినంక నైన్త్ క్లాస్ డ్రాయింగ్ పీరియడ్ల వరద గురించి గీయండి అంటే అందరూ టీవీల చూసిన బొమ్మనే గీసిండ్రు, హెలికాప్టర్, పడవ. మా బస్తీకి హెలికాప్టర్ రాలేదు. అందుకని ఒక్కటే ప్రశ్న ఇచ్చి ఇండ్లకు పంపిన. నీళ్ళు లోపలికి వస్తున్నప్పుడు మీ ఇంట్ల ముందుగాల ఏం పైకెత్తిండ్రు?

ఏమేం రాసుకొచ్చిండ్రో వినుండ్రి. పాలిథిన్ కవర్ల చుట్టిన ఆధార్, రేషన్ కార్డు. బియ్యం డబ్బా. కుట్టు మిషన్, కాళ్ళు తీసేసి మంచం మీదికి. మేకపిల్ల. తాతకు ఆక్సిజన్ మిషన్. ఒక పిలగాడు వాళ్ళ దాదీని అడిగితే "నన్నే ఎత్తిండ్రు బేటా" అన్నదట, ఆమెను కుర్చీతోని సహా అటక మీద పెట్టిండ్రట. ఒక పిల్ల టెన్త్ చదివే అన్న పుస్తకాలు అని రాసింది, తన పుస్తకాలు ఏమైనయి అంటే ఏం చెప్పలేదు.

అప్పుడు పిల్లలే అన్నరు, టీచర్, నీళ్ళు ఎంత ఎత్తు వచ్చినయో కాంపౌండ్ గోడ మీద గీత గీద్దాం అని. గీత అంటే ఉత్తగ గీసేది కాదండీ. రోడ్డు వాలుగ ఉంటది, నీళ్ళు మాత్రం సమానంగ నిలబడ్తయి. కిరాణా షాపు షట్టర్ మీద బురద మరక ఇంకా ఉండె, దాన్ని పట్టుకొని, మేస్త్రి పని చేసే ఒక తండ్రి లెవల్ పైపు తెచ్చిండు, అదే, నీళ్ళు పోసిన పారదర్శకం పైపు, రెండు కొసల నీళ్ళు ఒకే ఎత్తుల నిలబడ్తయి గదా, దాంతోని గోడ పొడుగూత మార్కులు పెట్టి, వాటిని కలుపుకుంట నీలం గీత గీసినం. గేటు కాడ మోకాలు దాక వచ్చిన గీత, గోడ అవతలి కొసకు పోయేసరికి పిల్లల తల మీదికెల్లి పోయింది. ఆ కొసకు నిలబడి ఒక్కరు గూడ మాట్లాడలేదు. సోషల్ సార్ గూడ అక్కడికొచ్చి ఆ గోడ కాడనే క్లాస్ చెప్పిండు, 1908 సెప్టెంబర్ 28 మూసీ వరద, అఫ్జల్‌గంజ్‌ల ఉస్మానియా దవాఖాన చింతచెట్టు ఎక్కి బతికినోళ్ళు, ఆ వరద తర్వాత విశ్వేశ్వరయ్య ఇచ్చిన ప్లాను, 1920ల ఉస్మాన్ సాగర్, 1927ల హిమాయత్ సాగర్ రిజర్వాయర్లు కట్టుడు. ఒకడు లేచి, మరి రెండు కట్టినంక గూడ మా ఇంట్లకు నీళ్ళు ఎందుకొచ్చినయి సార్ అన్నడు. చూడుండ్రి ప్రశ్న! అవి మూసీకి కట్టినయి, మన నీళ్ళు మన గొలుసుకట్టు చెరువులయి, పై చెరువు నిండితే కింది చెరువుకు పోయే నాలా ఉండె, ఆ నాలా మీద ఇప్పుడు ఏమున్నదో మీరే చూసి రాండ్రి అని సార్ పంపిండు. పిల్లలు పోయి చూసి వచ్చిండ్రు, దాని మ్యాప్ గూడ గోడ మీదికి ఎక్కింది.

ఇక్కడ డ్రాయింగ్ టీచర్లు ఉన్నరు కాబట్టి పని సంగతి గూడ చెప్త. పోస్టర్ కలర్ గోడకు వాడకుండ్రి, మొదటి వానకే కారిపోతది. ఇనుప బ్రష్షుతోని గోడ గీకి, దుమ్ము కడిగి, ఆరనిచ్చి, ప్రైమర్ వేయాలె. చెమ్మ ఉన్న గోడ అయితే ఉప్పు పొంగి పెచ్చులు లేస్తయి, ముందుగాల ఆ చెమ్మ సంగతి చూడుండ్రి. తెల్ల ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ ఒక్కటి కొని, రంగుల కోసం స్టైనర్ సీసాలు కలుపుకుంటే ఖర్చు చాల తగ్గుతది. పడమర గోడ అయితే పొద్దుగాలనే పని చేయాలె, ఎండ పడితే రంగు బ్రష్షు మీదనే ఎండిపోతది. స్ప్రే డబ్బాలు పిల్లల చేతికి ఇయ్యొద్దు, ఆ వాసన ఊపిరితిత్తులకు మంచిది కాదు. పాత ఎక్స్‌రే ఫిల్ములు మేము బ్లేడుతోని కోసి స్టెన్సిల్ చేసి, స్పాంజి అద్దితే ఎంత శుభ్రంగ వచ్చిందో. బొమ్మలు రాని పిల్లలు గూడ స్టెన్సిల్ అద్దిండ్రు, క్లాసుల ఒక్కరు గూడ ఉత్తగ నిలబడలేదు.

నీలం గీత కింద ఏం గీయలేదు, ఖాళీ. గీత పైన మాత్రం ప్రతి ఇంటోళ్ళు ఎత్తుకున్న సామాన్లు. కుట్టు మిషన్, మేకపిల్ల, కుర్చీల దాదీ. బస్తీ అంత వచ్చి చూసిండ్రు. ఆ దాదీ వచ్చి తన బొమ్మను చూసి, ముక్కు సరిగ్గ రాలేదని మనుమన్ని తిట్టి, కొంగుతోని గోడ మీద దుమ్ము తుడిచి పోయింది. ఆటోవాలాలు "నీలీ లకీర్ కే పాస్", అంటే నీలం గీత కాడ, అని సవారీలను దించేటోళ్ళు.

ఇగ ఏమైంది? ఎవరో పెద్దసారు విజిట్ ఉన్నదన్నరు. రెండు రోజుల సెలవు వచ్చింది, సెలవు తర్వాత బడికి పోతే గోడంత క్రీమ్ కలర్. దాని మీద ఒక సీతాకోకచిలుక, ఒక పెన్సిలు, ఒక సూర్యుడు, కాంట్రాక్టు పెయింటర్‌తోని వేయించిండ్రు. పిల్లలను అడగలేదు, నన్ను అడగలేదు. ఎందుకు తుడిచిండ్రు అంటే "నెగెటివ్‌గ ఉన్నది" అన్నరు. మునిగిన ఇల్లు నెగెటివా? దాదీని అటక మీద పెట్టి కాపాడుకున్నది నెగెటివా? పుస్తకాల సంగతి చెప్పని ఆ పిల్ల గోడ ముందట నిలబడి నన్ను అడిగింది, టీచర్, నీళ్ళు వచ్చింది అబద్ధమా అని. నేను ఆ మాట ఎవరు పిలిచినా, ఏ టాపిక్ ఇచ్చినా చెప్తనే ఉంట. సైన్స్ ఫెయిర్ల చెప్పిన, టీచర్స్ డే నాడు చెప్పిన, ఇయ్యాల చెప్తున్న.

న్యూయార్క్‌ల కీత్ హేరింగ్ అని ఒక ఆర్టిస్టు ఉండె. 1986ల అక్కడ డ్రగ్స్‌తోని పిలగాండ్లు పాడైపోతున్నరని ఒక ఆటస్థలం గోడ మీద పర్మిషన్ లేకుండనే బొమ్మ వేసిండు. ఫైన్ వేసిండ్రు, బొమ్మ మీద రంగు గూడ కొట్టిండ్రు. కానీ తర్వాత అక్కడి పార్కుల డిపార్ట్‌మెంటే ఆయనను పిలిచి మళ్ళా వేయుమన్నది, అదే సంవత్సరం మళ్ళా వేసిండు, ఆ గోడ ఇప్పటికీ ఉన్నది. మా పిల్లలను మళ్ళా గీయుమని ఎవరు పిలిచిండ్రు?

మేము పర్మిషన్ లేకుండ గోడలు ఖరాబు చేయుమంటలేము. బహిరంగ స్థలాల మీద రాతలకు 1997ల చేసిన చట్టం ఉన్నది, పిల్లలకు గూడ ఆ సంగతి చెప్పాలె, ఎవరి గోడ అయితే వాళ్ళ సంతకం తీసుకోవాలె. కానీ స్కూల్ గోడ ఎవరిది? 2009 విద్యాహక్కు చట్టంల స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ అని ఉన్నది, దాంట్ల నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలె. అంటే మీరే! అదే చట్టం, ఆరు నుంచి ఎనిమిది వరకు వంద మంది పిల్లలు దాటితే ఆర్ట్ నేర్పడానికి పార్ట్‌టైమ్ మనిషి ఉండాలె అన్నది. మీ బడిల ఉన్నరా? డ్రాయింగ్ పీరియడ్ టైంటేబుల్‌ల ఉంటది, ఆ పీరియడ్‌ల లెక్కలు చెప్తుంటరు. ఇక్కడున్న తల్లిదండ్రులు రేపు బడికి పోయి అడుగుండ్రి, మా బిడ్డకు డ్రాయింగ్ ఎవరు చెప్తున్నరు అని, పేరు అడుగుండ్రి.

హెచ్ఎం మేడం, మీ ముందటనే అడుగుతున్న, ఏమనుకోకుండ్రి. మీ బడి వెనక గల్లీ దిక్కు కాంపౌండ్ గోడ చూసి వచ్చిన, గట్టిగ ఉన్నది, చెమ్మ లేదు. కమిటీల తీర్మానం చేయుండ్రి, ఆ గోడ పిల్లలది అని, వాళ్ళను అడగకుండ దాని మీద రంగు వేయొద్దు అని, ఎవరి విజిట్ ఉన్నా సరే. కాయితం నేను రాసుకొచ్చిన, ఇదిగో ఈ టేబుల్ మీద పెడ్తున్న. కమిటీ మెంబర్లు ఎవరెవరున్నరో చేతులు లేపుండ్రి. వెనక వరుసల అమ్మా, మీరేనా? రాండ్రి, ముందుకు రాండ్రి, పెన్ను నా దగ్గరున్నది. పిల్లలూ, మీరు ఈ వారం మీ గల్లీల ఏం అడగాలో మీరే అనుకొని చెప్పుండ్రి, నన్ను అడగకుండ్రి. మేస్త్రి పని చేసేటోళ్ళు ఎవరన్న ఉంటే మీటింగ్ అయినంక ఆగుండ్రి, లెవల్ పైపు కావాలె.