ట్రామ్ ఆఖరి స్టాప్‌లో న్యూట్రాన్లు

(స్టూడియో చర్చలో ఒక భాగం. పాల్గొన్నవారు: వ్యాఖ్యాత, స్వీడన్‌లో కొన్నేళ్ళు పనిచేసి వచ్చిన భౌతికశాస్త్ర ఆచార్యురాలు, పురపాలక శాఖలో రిటైరైన అధికారి.)

వ్యాఖ్యాత: యూరప్ పరిశోధన అనగానే మనకు యూరోపియన్ యూనియన్ కార్యాలయాలున్న బ్రస్సెల్స్ గుర్తొస్తుంది. 2021-27కి హరైజన్ యూరప్ అనే పరిశోధన నిధుల కార్యక్రమం కింద సుమారు 9,550 కోట్ల యూరోలు పెట్టారు. అంత డబ్బు అక్కడి నుంచి వస్తుంటే ఊరి మున్సిపాలిటీకి ఇందులో ఏం పని మేడమ్?

ఆచార్యురాలు: నేనూ అలానే అనుకున్నానండి, స్వీడన్‌లోని లుండ్ అనే ఊరికి వెళ్ళేదాకా. స్టేషన్ బయటే ట్రామ్ ఎక్కొచ్చు. మొత్తం ఐదున్నర కిలోమీటర్లే. 2020 డిసెంబరులో మొదలైంది. దాని ఆఖరి స్టాప్ పేరు ఈఎస్ఎస్. న్యూట్రాన్లతో పదార్థాల లోపలి నిర్మాణాన్ని పరిశీలించడానికి 13 దేశాలు కలిసి కడుతున్న పరిశోధన కేంద్రం అది. ట్రామ్ పట్టాలేమో మున్సిపాలిటీవి, బళ్ళేమో లుండ్ ఉన్న స్కోనే ప్రాంతపు ప్రభుత్వానివి.

అధికారి: పట్టాలొకరివి, బళ్ళొకరివి! ఆ ఫైలు ఎన్ని టేబుళ్ళు తిరిగిందో పాపం.

ఆచార్యురాలు: (నవ్వుతూ) ఊళ్ళో గొడవ కూడా జరిగింది సార్. ఇంత ఖర్చెందుకు, బస్సులు చాలవా అని.

వ్యాఖ్యాత: ట్రామ్ వేస్తే పరిశోధనలో భాగస్వామి అయిపోయినట్టేనా?

ఆచార్యురాలు: ఆ దారిలోనే మాక్స్ ఫోర్ అనే సింక్రోట్రాన్ ఉంది, అంటే ఎలక్ట్రాన్లను మహా వేగంగా తిప్పి పరిశోధనకు కావలసిన ఎక్స్-రేలు పుట్టించే యంత్రం. 2016లో ప్రారంభించారు. అలాంటి యంత్రాన్ని నిరంతరం చల్లబరచాలి. అలా బయటికొచ్చే వేడిని బ్రున్‌స్‌హోగ్ అనే కొత్త పేటలో ఇళ్ళు వెచ్చబరచడానికి వాడుతున్నారు. ఆ పైపులు నడిపే ఇంధన సంస్థ చుట్టుపక్కల మున్సిపాలిటీలదే. ఆ పైపు ఎటు వెయ్యాలో బ్రస్సెల్స్‌లో కూర్చున్నవాళ్ళకు ఎలా తెలుస్తుంది చెప్పండి?

అధికారి: పైపుల సంగతి సరే, నేను జేబు సంగతి మాట్లాడతాను. బార్సిలోనా దగ్గర ఆల్బా అని ఇంకో సింక్రోట్రాన్ ఉంది. దానికి సగం డబ్బు స్పెయిన్ కేంద్ర ప్రభుత్వానిది, మిగతా సగం కాటలోనియా ప్రభుత్వానిది. సగం డబ్బు పెట్టినవాడి మాట సమావేశంలో చెల్లుతుంది. సలహా ఇచ్చేవాడికి టీ ఇచ్చి పంపిస్తారు. స్థానిక, ప్రాంతీయ ప్రభుత్వాల తరఫున బ్రస్సెల్స్‌లో మాట్లాడే యూరోపియన్ ప్రాంతాల కమిటీలో 329 మంది సభ్యులున్నారు, కానీ వాళ్ళు ఇచ్చేది అభిప్రాయమే.

వ్యాఖ్యాత: మరి జేబు ఖాళీగా ఉన్న ప్రాంతం?

అధికారి: అదే నా బాధ. సీల్ ఆఫ్ ఎక్సలెన్స్ అని 2015 నుంచి ఒకటుంది. ప్రతిపాదన బాగుంది, మా దగ్గర డబ్బు అయిపోయింది అని బ్రస్సెల్స్ ఇచ్చే సర్టిఫికెట్. అది పట్టుకుని మీ ప్రాంతీయ ప్రభుత్వం దగ్గరికి వెళ్ళొచ్చు. డబ్బున్న ప్రాంతమైతే ఇస్తుంది. లేకపోతే సర్టిఫికెట్‌కు ఫ్రేమ్ కట్టించుకోవడమే.

ఆచార్యురాలు: పూర్తిగా అలా అనలేం సార్. ఈఎల్ఐ లేజర్ కేంద్రాలు చూడండి. ప్రాగ్ పక్కన ఒకటి, హంగరీలో సెగెద్‌లో ఒకటి, బుకారెస్ట్ దగ్గర మగురేలేలో ఒకటి. వెనకబడిన ప్రాంతాల కోసం ఉన్న యూరప్ నిధితోనే వాటిలో ఎక్కువ భాగం కట్టారు. లేకపోతే అంత పెద్ద లేజర్లు ఆ ఊళ్ళకు వచ్చేవా?

అధికారి: కట్టారు, ఒప్పుకుంటాను. కానీ ఆ నిధి కట్టడానికే కదా. ఏటా కరెంటు బిల్లు, జీతాలు ఎవరివి? మేం కట్టించిన కమ్యూనిటీ హాళ్ళన్నీ అక్కడే ఆగాయి.

ఆచార్యురాలు: అందుకే 2021లో దేశాలు కలిసి ఈఎల్ఐ ఎరిక్ అనే ఉమ్మడి సంస్థ పెట్టుకుని ఆ ఖర్చు పంచుకోవడం మొదలుపెట్టాయి. మొదట చేరింది నాలుగే దేశాలు: చెక్, హంగరీ, ఇటలీ, లిథువేనియా.

వ్యాఖ్యాత: ఒక్క నిమిషం, మగురేలే ఉన్న రుమేనియా అందులో లేదే?

ఆచార్యురాలు: మొదలుపెట్టినప్పుడు లేదండి.

అధికారి: చూశారా!