ఇసుకలో పడ్డ బండి బరువెంత? పెద్ద అడ్వెంచర్ బైక్‌ని తేలిక చేయడం

హోస్ట్: అందరికీ నమస్కారం. ఇవాళ నాకు జరిగిన సంగతితోనే మొదలుపెడతాను. పోయిన నెల ఇసుకలో నా అడ్వెంచర్ బైక్, అంటే తారు రోడ్డు మీదా మట్టిలోనూ దూరాలు తిరిగే పెద్ద బండి, పడింది. వేగం లేదు. దాదాపు ఆగిపోతుండగా ముందు చక్రం పక్కకి జారింది, అంతే. చుట్టుపక్కల మనిషి లేడు. మూడుసార్లు ఎత్తబోయాను, మోకాలి ఎత్తు దాకా లేచి మళ్లీ పడింది. చివరికి పక్క పెట్టెలు రెండూ ఊడదీసి అవతల పెట్టి పట్టుకుంటే అప్పుడు లేచింది. ఆ తర్వాత చాలాసేపు అక్కడే కూర్చుని ఆ పెట్టెల వైపే చూస్తూ ఉండిపోయాను. ఇవాళ మనతో ఉన్న అన్న చాలా ఏళ్లుగా పెద్ద బండ్లు విప్పి బిగిస్తున్నారు, వాటి మీద దూరాలు తిరిగారు కూడా. రండి అన్నా.

మెకానిక్: నమస్కారం. నీకేం దెబ్బ తగల్లేదు కదా, అది చాలు. ముందు నేనొకటి అడుగుతాను. నీ బండి బరువెంత?

హోస్ట్: కంపెనీ కాగితం మీద 250 కిలోలకి కాస్త అటూ ఇటూ.

మెకానిక్: అది షోరూమ్‌లో నిలబడ్డ బండి బరువు. ఇసుకలో పడ్డ బండి బరువు?

హోస్ట్: తెలీదన్నా.

మెకానిక్: షెడ్డుకి వచ్చేవాళ్లలో చాలామంది ఇదే మాట అంటారు. బరువు తగ్గించాలని వస్తారు, రాగానే టైటానియం సైలెన్సర్ గురించి అడుగుతారు. బండిని కాటా మీదకి ఎక్కించి చూసినవాళ్లు మాత్రం తక్కువ. ఇంట్లో మనం బరువు చూసుకునే కాటాలు ఎక్కువగా 150 కిలోల దాకానే చూపిస్తాయి. సామాను కట్టిన వెనక చక్రం అది దాటిపోవచ్చు. అందుకని సరుకు తూచే పెద్ద కాటా దొరికితే మంచిది. ఒక చక్రం కాటా మీద పెట్టినప్పుడు రెండో చక్రం కింద అంతే ఎత్తున్న చెక్క పెట్టాలి, బండి నిటారుగా ఉండాలి. రెండు అంకెలూ కలిపితే మొత్తం బరువు. విడివిడిగా చూస్తే ముందు ఎంత పడుతోంది, వెనక ఎంత పడుతోంది అన్నదీ తెలుస్తుంది. పెట్టెలూ టాప్ బాక్సూ కట్టిన బండికి వెనక వైపు ఎంత పెరిగిందో చూస్తే నీకే ఆశ్చర్యం వేస్తుంది.

హోస్ట్: కాగితం మీద అంకెల్లో కూడా తేడాలుంటాయి కదా? ఒకరు డ్రై వెయిట్ అంటారు, అంటే పెట్రోల్ లేకుండా. ఒకరు వెట్ వెయిట్ అంటారు, అంటే పెట్రోల్‌తో కలిపి.

మెకానిక్: అవును, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. పెట్రోల్ లీటరుకి ముప్పావు కిలో వేసుకో. 30 లీటర్ల ట్యాంకు నిండితే 22 కిలోల పైమాటే. పెట్రోల్ లేకుండా చెప్పిన అంకె చూసి, ఈ బండి తేలిక అని కొనుక్కుంటే మొదటి బంకు దగ్గరే ఆ తేలిక పోతుంది. ఇప్పుడు నేను చెప్పేవన్నీ పెట్రోల్‌తో కలిపి. 1980లో వచ్చిన బీఎండబ్ల్యూ ఆర్ 80 జీ/ఎస్ 186 కిలోలు. అదే వంశంలో ఆర్ 1250 జీఎస్ 249, పెద్ద ట్యాంకుతో వచ్చే జీఎస్ అడ్వెంచర్ 268. 2023లో ఆర్ 1300 జీఎస్ వచ్చేసరికి 237కి దిగింది. గేర్‌బాక్స్‌ని ఇంజన్ కిందకి తెచ్చారు, ఫ్రేమ్ కొత్తగా చేశారు, బండిని మొదటినుంచీ మళ్లీ గీశారు. అంత పనీ చేస్తే తగ్గింది 12 కిలోలు. మనమేమో ఒక్క సాయంత్రం స్పానర్ పట్టుకుని 40 కిలోలు ఎక్కిస్తాం. నేను ముందు చూసేది ఆ 40 కిలోలనే.

హోస్ట్: అంటే మొదట విప్పాల్సింది మనం బిగించినవే అంటారు.

మెకానిక్: అవును. నీ బండి మీద ఏమేం ఉన్నాయో వరసగా చెప్పు.

హోస్ట్: పైనా కిందా స్టీల్ క్రాష్ గార్డులు. అల్యూమినియం పక్క పెట్టెలు, వాటి ఫ్రేము. టాప్ బాక్సు, దాని ప్లేటు. ఫాగ్ లైట్లు. సెంటర్ స్టాండ్. ఇంజన్ కింద రాళ్లు తగలకుండా మందపాటి బాష్ ప్లేటు.

మెకానిక్: మోడల్‌ని బట్టి మారతాయి గానీ, సుమారు లెక్క చెబుతాను. ఖాళీ అల్యూమినియం పెట్టె ఒక్కోటి 5 కిలోల చుట్టూ ఉంటుంది. ఫ్రేము మరో 5. అంటే ఒక్క చొక్కా కూడా సర్దకముందే 15 కిలోలు. ఫ్రేము అక్కర్లేని మెత్తటి బ్యాగుల జత చాలావరకు 4, 5 కిలోల్లో అయిపోతుంది. ఒక్క మార్పుతో 10 కిలోలు పోయాయి. ఇంకో సంగతి, పెట్టెలో ఖాళీ ఉంటే ఏదో ఒకటి పెడతాం. చిన్న బ్యాగు కొంటే సామాను దానంతటదే తగ్గుతుంది. ఇది నా విషయంలోనూ జరిగింది.

హోస్ట్: కానీ పెట్టెకి తాళం ఉంటుంది. వానకి తడవదు.

మెకానిక్: ఆ రెండూ నిజమే. ఎక్కువగా హోటళ్లలో దిగుతూ, తారు రోడ్డు మీదే తిరిగేవాళ్లకి పెట్టెలే మేలు. వాళ్లని నేను మార్చుకోమనను. మట్టిలో, ఇసుకలో తిరుగుతానంటే మాత్రం మెత్తటి బ్యాగులే. ఇందులో బరువొక్కటే కాదు. ఇసుకలో కాలు కింద పెట్టినప్పుడు బండి ముందుకి పోతే, గట్టి పెట్టె అంచు పిక్క వెనక తగులుతుంది. కాలు ఇరుక్కుని ఎముక విరిగే ప్రమాదం ఉంది. మెత్తటి బ్యాగయితే నలుగుతుంది. ఒక్క జాగ్రత్త, సైలెన్సర్ వైపు బ్యాగుకి వేడి తగలకుండా కవచం ఉండాలి. లేదంటే కాలిపోతుంది.

హోస్ట్: టాప్ బాక్సు మాటేంటి?

మెకానిక్: దాని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి. బరువు ఎంత ఉందన్నది సగం సంగతి, ఎక్కడ ఉందన్నది మిగతా సగం. ఒక సుత్తి తీసుకో. ఇనుప తల దగ్గర పట్టుకుని అటూ ఇటూ ఆడించు. తర్వాత పిడి చివర పట్టుకుని ఆడించు. అదే సుత్తి, కానీ మణికట్టు నొప్పి పుడుతుంది. టాప్ బాక్సు అలాంటిదే. వెనక చక్రం ఇరుసుకి కూడా వెనకాల, సీటు కన్నా పైన ఉంటుంది. అక్కడ పెట్టిన 8 కిలోలు ముందు చక్రాన్ని తేలిక చేసి, వెనక భాగాన్ని ఊపుతాయి. అదే 8 కిలోలు ఇంజన్ పక్కన కింద ఉంటే నీకు తెలియను కూడా తెలియదు. అందుకే బరువైనవి, అంటే పనిముట్లు, నీళ్లు, ట్యూబులు, ఇంజన్ దగ్గరగా కిందకి రావాలి. బట్టలు, స్లీపింగ్ బ్యాగు వెనక్కి, పైకి పోవచ్చు.

హోస్ట్: ఈ ఆలోచనతోనే కంపెనీలు కూడా ట్యాంకు ఆకారం మార్చాయి కదా.

మెకానిక్: కేటీఎం 790, 890 అడ్వెంచర్ చూడు. ట్యాంకు రెండు వైపులా జీను సంచిలా కిందకి వేలాడుతుంది. చూడ్డానికి అలవాటు పడాలి గానీ, తిప్పితే ఆ బండి అంకె చెప్పినదానికన్నా తేలిగ్గా అనిపిస్తుంది. మామూలు ట్యాంకున్న బండికి మనం చేయగలిగిందొకటి ఉంది. దానికి ఖర్చు లేదు. మట్టి దారిలోకి దిగేరోజు ట్యాంకు నింపకు. తర్వాతి బంకు ఎంత దూరమో చూసుకుని, దారి తప్పితే సరిపడా కలుపుకుని, అంతే పోయించు. 30 లీటర్ల ట్యాంకులో సగం ఖాళీ ఉంచితే 11 కిలోలు, అదీ బండి పైభాగం నుంచి తగ్గాయి. ఏ టైటానియం సైలెన్సరూ నీకు అంత ఇవ్వదు.

హోస్ట్: అయితే సైలెన్సర్ మార్చడం దండగంటారా?

మెకానిక్: దండగ అనను. పెద్ద బండికి కంపెనీ సైలెన్సర్ 4 నుంచి 6 కిలోలు తూగుతుంది. టైటానియంది అందులో సగం ఉండొచ్చు. పైగా అది వెనక వైపు, ఒక పక్కకి ఉన్న బరువు. కాబట్టి తేడా తెలుస్తుంది. కానీ చాలా ఖరీదు. చివరి డబ్బా మార్చడం వేరు, పొగలో విషవాయువులని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయడం వేరు. కన్వర్టర్ తీసేస్తే చాలాచోట్ల చట్టం ఒప్పుకోదు, నేనూ ఆ పని చేయను. శబ్దం పెంచేవి కూడా బిగించను. ఊళ్లమీదుగా, పొలాలమీదుగా పోతున్నాం, అక్కడ మనుషులున్నారు.

హోస్ట్: బ్యాటరీ?

మెకానిక్: డబ్బు పెట్టేదేదో ముందు ఇక్కడ పెట్టమంటాను. పెద్ద బండ్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ 4 కిలోల చుట్టూ ఉంటుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ది ఒకటి, ఒకటిన్నర కిలోలో వస్తుంది. పావుగంట పని. రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. బాగా చలిలో అది మొదట నీరసంగా ఉంటుంది. హెడ్‌లైటు కాసేపు వెలిగించి ఉంచితే లోపల వేడెక్కి అప్పుడు స్టార్టర్‌ని తిప్పుతుంది. రెండోది, పాత ఛార్జర్ పెట్టకూడదు. లెడ్ బ్యాటరీలని బాగుచేయడానికి కొన్ని ఛార్జర్లు ఎక్కువ వోల్టేజీ పంపిస్తాయి, దానికి లిథియం పాడవుతుంది. లిథియం కోసం చేసినదే వాడాలి. బండి ఛార్జింగ్ వోల్టేజీ సరిగా ఉందో లేదో మల్టీమీటర్‌తో ముందే చూసుకోవాలి.

హోస్ట్: టైటానియం బోల్టులు? వీడియోల్లో చూస్తుంటాను.

మెకానిక్: టైటానియం స్టీల్ కన్నా 40 శాతానికి పైగా తేలిక, ఆ మాట నిజం. కానీ బండిలో మార్చగలిగిన బోల్టులన్నీ కలిపి ఎన్ని కిలోలు? గుప్పెళ్లకొద్దీ బోల్టులు మారిస్తే ఒక కిలో తగ్గుతుందేమో. బ్రేక్ క్యాలిపర్ల దగ్గర, ఇరుసుల దగ్గర ఊరూ పేరూ లేని బోల్టులు బిగించడం నాకు అస్సలు ఇష్టం లేదు. అల్యూమినియం బోల్టులైతే బ్రేకుల ఛాయలకే రానివ్వను. ప్లేట్లకి చిల్లులు పెట్టి తేలిక చేశామని కొందరు తీసుకొస్తారు. బాష్ ప్లేటుకి చిల్లులు పెడితే రాయి తగిలిన రోజు అక్కడే చిరుగుతుంది.

హోస్ట్: అంటే బాష్ ప్లేటు ఉంచాలి.

మెకానిక్: ఉంచాలి. చేతి గార్డులూ ఉంచాలి. బాష్ ప్లేటు 3, 4 కిలోలు ఉన్నా కింద ఉంటుంది, ఇంజన్ కేసు పగలకుండా కాస్తుంది. క్రాష్ గార్డుల్లో మాత్రం పైవి ఎందుకున్నాయో ఆలోచించు. కింది గార్డు ఒక్కటే బండిని నేలకి ఆనకుండా ఆపుతుందా? కొన్ని బండ్లలో ఆపుతుంది. అప్పుడు పైది తీసేయొచ్చు. బండిని మెల్లగా పక్కకి వాల్చి, ముందు ఏది నేలకి తగులుతుందో చూస్తే తెలిసిపోతుంది. పక్కన ఇద్దరు మనుషులుండాలి సుమా.

హోస్ట్: సెంటర్ స్టాండ్?

మెకానిక్: నీ బండి వెనక చక్రాన్ని తిప్పేది చైనా, లేక షాఫ్ట్ అనే ఇనుప కడ్డీనా అన్నదాన్ని బట్టి ఉంటుంది. చైన్ ఉంటే రోజూ నూనె వేయడానికి అది కావాలి, టైరు విప్పడానికీ కావాలి. షాఫ్ట్ బండయితే అవసరం తక్కువ. బరువు 4 కిలోలకి అటూ ఇటూ, కింద ఉంటుంది కాబట్టి నాకు పెద్ద బాధ లేదు. కానీ రాళ్ల దారుల్లో ముందు తగిలేది అదే, అలాంటి దారికి వెళ్లేటప్పుడు తీసేస్తాను.

హోస్ట్: పనిముట్ల సంచి విషయానికి వద్దాం. నాది ఎత్తడానికే రెండు చేతులు కావాలి.

మెకానిక్: ఒక ఆదివారం ఆ సంచి ఒక్కటే పెట్టుకుని బండి సర్వీసు చెయ్యి. చక్రాలు రెండూ విప్పు, ఎయిర్ ఫిల్టర్ తీయ్, క్లచ్ లివర్ మార్చు. షెడ్డులో ఉన్న ఇంకే పనిముట్టూ ముట్టుకోకు. పని అయ్యాక సంచిలో ఏవి కదల్లేదో అవి ఇంట్లో ఉండాల్సినవి. ఏది తక్కువైందో కూడా అప్పుడే తెలుస్తుంది, అది ఇంకా ముఖ్యం. మిగతా సామానుకి కూడా ఇదే పద్ధతి. ప్రయాణం నుంచి రాగానే మూడు కుప్పలు పొయ్యి. రోజూ వాడినవి, ఒక్కసారి వాడినవి, అసలు వాడనివి. మూడో కుప్పలోంచి మందుల పెట్టె, పంక్చర్ సామాను, రెయిన్ కోటు పక్కన పెట్టు. అవి వాడకపోయినా తీసుకెళ్లాలి. మిగతావి మళ్లీ ఎక్కించకు.

హోస్ట్: చాలామంది అడిగే ప్రశ్న ఇంకోటి. రైడర్ పది కిలోలు తగ్గితే సరిపోదా అని.

మెకానిక్: ఒంటికి మంచిదే. కానీ రెండూ ఒకటి కాదు. మనిషి బరువు కదులుతుంది. ఫుట్‌పెగ్స్ మీద నిలబడితే ఆ బరువు కిందకి దిగుతుంది, పక్కకి వంగితే బండికి సాయం చేస్తుంది. టాప్ బాక్సు అలా వంగదు. పైగా బండి పడినప్పుడు ఎత్తాల్సింది బండినే, అప్పుడు నీ బరువు దాని మీద లేదు.

హోస్ట్: ఇద్దరు కూర్చుని వెళ్లేవాళ్ల సంగతి?

మెకానిక్: మాన్యువల్‌లో మొత్తం బరువు పరిమితి రాసి ఉంటుంది, అది తప్పకుండా చూడాలి. ఆర్ 1250 జీఎస్‌కి అది 465 కిలోలు. బండి 249 పోతే మిగిలేది 216. హెల్మెట్, జాకెట్ లాంటి రైడింగ్ గేర్ వేసుకున్న ఇద్దరు మనుషులు 180 అనుకో, మిగిలింది 36. మనం బిగించిన గార్డులు, ఫ్రేములు, పెట్టెలు కూడా ఆ 36లోంచే పోవాలి. చాలామంది సామాను మాత్రమే లెక్కేసుకుంటారు. పరిమితి దాటితే బ్రేకు పట్టడానికి దూరం పెరుగుతుంది, టైర్లు వేడెక్కుతాయి, సీటునీ సామానునీ మోసే వెనక సబ్‌ఫ్రేమ్ మీద ఒత్తిడి పడుతుంది. గతుకుల్లో అది విరిగిన బండ్లని నేను చూశాను.

హోస్ట్: సరే, 20 కిలోలు తగ్గించాం అనుకుందాం. ఆ తర్వాత?

మెకానిక్: సస్పెన్షన్ మళ్లీ సెట్ చేయాలి. ఇది మర్చిపోతారు. బరువుకని స్ప్రింగ్ ప్రీలోడ్, అంటే స్ప్రింగ్‌ని ముందే బిగించి ఉంచే మోతాదు, పెంచి ఉంటారు. బరువు తీసేసి దాన్ని అలాగే వదిలేస్తే వెనక భాగం పైకి లేచి గట్టిగా కొడుతుంది. తేలిక చేసినా బాగాలేదే అంటారు. రైడింగ్ గేర్ అంతా వేసుకుని కూర్చున్నప్పుడు సస్పెన్షన్ మొత్తం కదలగలిగే దూరంలో సుమారు మూడో వంతు దిగాలి. టేపుతో కొలుచుకో. టైర్లలో గాలి, హెడ్‌లైటు ఎత్తు కూడా చూసుకో.

హోస్ట్: అన్నా, ఆదివారం మీ షెడ్డుకి వస్తాను. కాటా ఉందా?

మెకానిక్: ఉంది. ఉదయాన్నే రా. పెట్టెలు ఊడదీసి రాకు, సంచిలోంచి ఏమీ తీయకు. ఇసుకలో పడ్డరోజు ఎలా ఉందో అలాగే తీసుకురా.

హోస్ట్: ట్యాంకు?

మెకానిక్: ఆ రోజు నిండుగా ఉందా?

హోస్ట్: నిండుగానే ఉంది.

మెకానిక్: అయితే నింపుకునే రా.