పాత ట్రాక్టరుకి ఏ ఆయిల్ పొయ్యాలి? (రాజాం దగ్గర రైతుల మీటింగులో మాట్లాడింది)

అందరికీ నమస్కారమండి. నాకు మైకు అలవాటు లేదు, షెడ్డులో మాట్లాడినట్టే మాట్లాడతాను, ఏమనుకోకండి.

దమ్ములు మొదలయ్యే ముందు ఏటా నా దగ్గరికొచ్చే మాట ఒకటే. "బావు, బండి పొగ కొడతంది, ఆయిల్ తాగీస్తంది, ఈసారి కాస్త చిక్కటిది పొయ్యి." నేనూ చాన్నాళ్లు పోసీసేను లెండి. మా ఇంటి బండికే ఎస్ఏఈ 50 అనే చిక్కటి రకం పోసి, పొగ తగ్గింది కదా అని పిస్టన్ రింగుల జోలికే పోలేదు, రెండు సీజన్లు తిరిగీసరికి సిలిండరే అరిగిపోయి బోరుకొచ్చీసింది. చిక్కటి ఆయిల్ పొగని దాస్తాది అంతే, అరిగిన రింగు మళ్లీ పెరగదు కదా. పైగా పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు అది ఇంజన్ అడుగున ఉండే చాంబర్లోంచి పైన వాల్వుల్ని ఆడించే రాకర్ల దాకా ఎక్కడానికి టైం పడతాది, ఆ కాసేపూ ఇనుము మీద ఇనుము రాసుకుంటాది.

డబ్బా మీద 15డబ్ల్యూ-40 అనో 20డబ్ల్యూ-40 అనో ఉంటాది చూడండి, డబ్ల్యూ అంటే వింటర్, ముందు అంకె చల్లగా ఉన్నప్పుడు ఎంత తేలిగ్గా పారుతుందో చెప్తాది, వెనక 40 ఏమో 100 డిగ్రీల వేడిలో చిక్కదనం. మన ఎండలకి రెండూ పనికొస్తాయి, బండి పుస్తకంలో ఏదుంటే అది పొయ్యండి.

అంకె కన్నా అక్షరం ముఖ్యం, అది ఎవరూ చూడరు. డబ్బా మీద ఏపీఐ అని రాసి పక్కన ఉండే గ్రేడు సీ తో మొదలైతే డీజిల్ ఇంజన్‌ది, ఎస్ తో అయితే పెట్రోల్ ఇంజన్‌ది. కొన్ని డబ్బాల మీద రెండూ ఉంటాయి, సీ ఉందో లేదో చూసుకోండి చాలు. బైకుకి పోసి మిగిలిన ఆయిల్ ట్రాక్టరులో కలిపీడం మాత్రం వద్దు, డీజిల్ మసిని పట్టుకునే మందు అందులో సరిపడా ఉండదు. పోసిన నాలుగు రోజులకే నల్లబడిందంటే కల్తీ అనుకోకండి, మసిని పట్టుకుంటంది కాబట్టే నల్లబడింది. ఇంకోటి, సీఎఫ్-4 డబ్బా చూసి ఒకాయన "మనది మూడు సిలిండర్ల బండి కదా, ఇది నాలుగు వాటికేమో" అని వెనక్కిచ్చీసేడు! ఆ 4 అంటే ఫోర్ స్ట్రోక్ ఇంజన్లకని, సిలిండర్ల లెక్క కాదు. 2002లో వచ్చిన సీఐ-4 కూడా పాత బళ్లకి పొయ్యొచ్చు.

మార్చడం మామూలుగా 250 గంటలకి, పుస్తకంలో తక్కువుంటే అదే లెక్క. సగం బళ్లకి అవర్ మీటరు ఎప్పుడో ఆగిపోయుంటాది, డీజిల్ చిట్టీలు దాచుకుని, బండి గంటకెంత తాగుతాదో దాన్నిబట్టి గంటలు లెక్కెయ్యండి. మొక్కజొన్న నూర్పిళ్లలో తిరిగితే ఎయిర్ క్లీనర్ గిన్నెలో ఆయిల్ కూడా తీసి చూడండి, బురదైపోయుంటాది.

ఇంజన్లో ఆయిల్ ఎంతుందో చూసే గేజ్ పుల్ల మీద ఆయిల్ తగ్గితే అందరూ కంగారు పడతారు, పెరిగితే మాత్రం సంతోషం! ఎక్కణ్నుంచి వచ్చినట్టు? డీజిల్‌ని తోసే ఫీడ్ పంపో, చిమ్మే నాజిల్ ఏదో కారి ఆయిల్లోకి డీజిల్ దిగుతుంటాది, వేలికి రాసి వాసన చూస్తే తెలిసిపోతాది. పాలు కలిపిన టీ రంగులో ఉంటే రేడియేటర్ నీళ్లు కలిసినట్టే, ఇంక స్టార్ట్ చెయ్యకండి.

బయట వేపచెట్టు కింద ఆపిన బండి ఆరిపోయి అరగంటయింది, ఇప్పుడు గేజ్ సరిగ్గా చూపిస్తాది, పాత గుడ్డ ఒకటి పట్టుకుని రండి.