క్లాక్ టవర్ కింద ఆరున్నర

(నల్గొండలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వస్తూ వస్తూ క్లాక్ టవర్ సెంటర్‌లో ఆగి గడియారం చూశాను. అది ఏ దేశపు సమయమో దాని మీద రాసి లేదు, రాయవలసిన పనీ లేదు. కింద నిలబడ్డవాళ్లందరిదీ ఒకటే కాలం. అదే గడియారాన్ని ఫొటో తీసి డల్లాస్‌లోని అన్నకు పంపితే ఆరున్నర అని తెలుస్తుంది, ఎక్కడి ఆరున్నరో తెలియదు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో టైమ్‌జోన్ లేని టైమ్‌స్టాంప్, అంటే ఏ ప్రాంతపు సమయమో చెప్పని తేదీ, సమయం, అచ్చం ఆ ఫొటో లాంటిదే.

ఇది నేను పరువు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం. డల్లాస్‌లోని కొడుకుకు ఫోను చేయమని మిర్యాలగూడలో ఉన్న తల్లిదండ్రులకు గుర్తుచేసే చిన్న ప్రోగ్రామ్ రాశాను. అక్కడ రాత్రి ఎనిమిదైతే ఇక్కడ ఉదయం ఆరున్నర. తేడా పదిన్నర గంటలని కోడ్‌లోనే రాసేశాను. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి జరిగాయి, తేడా పదకొండున్నర అయింది. నా ప్రోగ్రామ్ మాత్రం ఆరున్నరకే మోగింది. అక్కడ ఇంకా ఏడే, కొడుకు కారు నడుపుతున్నాడు. పెద్దాయన కోప్పడలేదు. ‘బాబూ, నీ కంప్యూటర్ కంటే మా కోడి నయం’ అన్నారు, అంతే.

జరిగిపోయిన దానికి టైమ్‌జోన్ ఉన్న టైమ్‌స్టాంప్ వాడండి. పేరు చూసి మోసపోవద్దు, అది జోన్‌ను దాచుకోదు. ఇచ్చిన సమయాన్ని యూటీసీలోకి, అంటే ప్రపంచమంతటికీ ప్రామాణికమైన సమయంలోకి, మార్చి ఉంచుతుంది, అడిగినవారు తమ సెషన్‌కు, అంటే డేటాబేస్‌తో ఆ కనెక్షన్‌కు, పెట్టుకున్న జోన్‌లో చూపిస్తుంది. జరగబోయే దానికైతే స్థానిక సమయాన్నీ, ‘అమెరికా/షికాగో’ (డల్లాస్‌కూ ఇదే) వంటి జోన్ పేరునూ రెండు కాలమ్‌లలో ఉంచండి. గడియారం నియమాలను ప్రభుత్వాలు మారుస్తుంటాయి.

ఇక డబ్బు. ఫ్లోట్‌లో, అంటే దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే రకంలో, 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. కిరాణా కొట్టులో కూడా ఒప్పుకోని లెక్క అది. దశాంశాలను ఉన్నదున్నట్టు దాచే న్యూమరిక్ వాడండి. కానీ రెండు దశాంశాలు చాలనుకోవద్దు. పాలమూరు నుంచి కువైట్ వెళ్లినవారిని అడగండి, దినారుకు వెయ్యి ఫిల్సులు. 125.755 దినార్లను రెండు దశాంశాల కాలమ్‌లో పెడితే 125.76 అయి కూర్చుంటుంది. జపాన్ యెన్‌కైతే దశాంశాలే లేవు.

మార్చిలో వచ్చిన దినార్లను ఈరోజు రేటుతో గుణిస్తే పాత ఖాతా అంతా మారిపోతుంది. అందుకే పంపిన మొత్తం, కరెన్సీ కోడ్, ఆనాటి రేటు, ఆ రేటు తేదీ, ఇంట్లో చేతికందిన రూపాయలు, అన్నీ విడివిడిగా రాసి పెట్టండి. ఆ రూపాయలను మాత్రం మళ్లీ లెక్కగట్టకండి. వాటితో అప్పటికే బోరు వేయించి ఉంటారు.