రేవులో కట్టిన పడవ నుంచి ఇంధనం దొంగల పాలు కాకుండా చూసుకోవడం ఎలా?

[దృశ్యం: రాత్రివేళ జెట్టీకి కట్టి ఉన్న పడవ. డెక్కు మీద ఇంధనం పోసే గుండ్రటి మూతను కెమెరా దగ్గరగా చూపుతుంది.]

వ్యాఖ్యాత: పడవ ట్యాంకులోని డీజిల్‌ను ఎత్తుకుపోవడానికి దొంగకు ఇంజిన్ తాళంచెవి అక్కరలేదు, క్యాబిన్ తలుపు పగలగొట్టవలసిన పని కూడా లేదు. డెక్కు మీద ఇంధనం పోసే మూత ఒక్కటి తెరుచుకుంటే చాలు. చిన్న, మధ్యతరహా పడవల్లో ఆ మూత నుంచి ట్యాంకు దాకా వెళ్ళే గొట్టం లోపలి వ్యాసం సాధారణంగా 38 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి బొటనవేలంత లావు పైపు అందులోకి ఇట్టే దిగుతుంది. 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచే మామూలు డీజిల్ పంపు నిమిషానికి సుమారు 40 లీటర్లు తోడుతుంది. ఆ లెక్కన 200 లీటర్ల ట్యాంకు ఖాళీ కావడానికి ఐదు నిమిషాలు చాలు. ఈ వీడియోలో చెప్పబోయే ఏర్పాట్లన్నీ ఆ ఐదు నిమిషాల పనిని అరగంట పనిగా మార్చడానికి ఉద్దేశించినవే. పని ఆలస్యమయ్యే పడవ జోలికి దొంగ సాధారణంగా రాడు.

[దృశ్యం: పడవ నిలువుకోత బొమ్మ. ట్యాంకు, గొట్టాలు, నీటి మట్టం వేరువేరు రంగుల్లో కనిపిస్తాయి.]

వ్యాఖ్యాత: గొట్టం కొసను నోటితో పీల్చి ఇంధనాన్ని డబ్బాలోకి దించే పాత పద్ధతి అందరికీ తెలిసిందే. అది పనిచేయాలంటే గొట్టం బయటి కొస ట్యాంకులోని ఇంధన మట్టం కంటే కిందుగా ఉండాలి. నీటి మీద ఉన్న పడవలో ట్యాంకు అడుగున ఎక్కడో ఉంటుంది, జెట్టీ దానికంటే ఎత్తులో ఉంటుంది. కనుక జెట్టీ మీద నిలబడిన దొంగకు ఆ పద్ధతి పారదు, పంపు తెచ్చుకోవలసిందే. మరమ్మతు కోసమో రంగుల కోసమో పడవను ఒడ్డుకు లాగి దిమ్మల మీద నిలబెట్టినప్పుడు మాత్రం పరిస్థితి తారుమారవుతుంది. ట్యాంకు నేలకు ఎంతో ఎత్తులోకి వస్తుంది, కింద పెట్టిన డబ్బాలోకి ఇంధనం దానంతట అదే దిగుతుంది, పంపు చప్పుడు కూడా వినిపించదు. పడవ నీటిలో ఉన్నంతకాలం కంటికి రెప్పలా చూసుకుని, ఒడ్డెక్కగానే నిశ్చింతగా ఇంటికి వెళ్ళిపోయేవారికి ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి.

మూత ఒక్కటే దారి కాదు. ట్యాంకు నుంచి ఇంజిన్‌కు వెళ్ళే గొట్టాన్ని కోయవచ్చు, ఫిల్టరు అడుగున నీరు వదలడానికి ఉన్న మరను విప్పవచ్చు. అయితే ఇవి ఇంజిన్ గదిలో ఉంటాయి కాబట్టి ఆ గది మూతకు గట్టి తాళం వేస్తే చాలావరకు సరిపోతుంది. దానితోపాటు, ట్యాంకుకు ఆనుకుని ఉన్న వాల్వును పడవ దిగే ముందు ప్రతిసారీ మూసివేయండి. అప్పుడు గొట్టం కోసినా అందులో మిగిలిన కొద్దిపాటి ఇంధనమే బయటికి వస్తుంది. దొంగ రాకపోయినా, పాతబడిన గొట్టం తనంతట తానే చిట్లిన రోజున ఈ అలవాటు పడవను అగ్నిప్రమాదం నుంచి కాపాడుతుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. పెట్రోల్ పడవల ట్యాంకులకు చాలావాటికి 'యాంటీ సైఫన్ వాల్వు' ఉంటుంది. సైఫన్ అంటే పైన చెప్పిన, గొట్టంతో పీల్చి కిందికి దించే పద్ధతే. ఆ పేరు విని, దొంగ పైపు పెట్టినా ఇంధనం రాదని అనుకోకండి. అది ఇంజిన్ వైపు వెళ్ళే దారిలో ఉంటుంది. గొట్టం తెగినప్పుడు ట్యాంకులోని పెట్రోల్ అంతా పడవ అడుగుకు కారిపోకుండా ఆపడమే దాని పని. పైన పోసే మూతకూ దానికీ సంబంధం లేదు.

[దృశ్యం: పడవ వెనక బయటి వైపు తగిలించే అవుట్‌బోర్డ్ మోటారు. పక్కన చేతితో ఎత్తగలిగే ప్లాస్టిక్ ట్యాంకు, మధ్యలో రబ్బరు బల్బు ఉన్న గొట్టం.]

వ్యాఖ్యాత: అవుట్‌బోర్డ్ మోటారు పడవల్లో దొంగకు పంపు కూడా అవసరం లేదు. క్లిప్పు నొక్కి గొట్టం ఊడదీసి, 25 లీటర్ల ట్యాంకును పిడి పట్టుకుని ఎత్తుకుపోతాడు. నిండు ట్యాంకు బరువు 20 కిలోలకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. పిడిలో గొలుసు దూర్చి తాళం వేస్తే ట్యాంకు మిగులుతుంది కానీ అందులోని పెట్రోల్ మిగులుతుందన్న భరోసా లేదు. అందుకే ట్యాంకును వెంట తీసుకువెళ్ళడమే మేలని నా అభిప్రాయం. మోసుకువెళ్ళేటప్పుడు మూత మీది గాలి మరను బిగించాలి. ఇంటి లోపల, పొయ్యికి గానీ మోటారు స్విచ్చుకు గానీ దగ్గరగా, ఎన్నడూ ఉంచకూడదు. గాలి ఆడే, నీడ ఉండే బయటి గదిలో పెట్టాలి. పడవలోనే ఉంచక తప్పకపోతే తాళం వేసే పెట్టెకు అడుగు భాగంలో గాలి కంతలు ఉండితీరాలి, అవి పడవ లోపలికి కాక బయటి గాలిలోకి తెరుచుకోవాలి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువైనది, అది పైకి పోదు, అడుగున పేరుకుంటుంది. గాలి చొరబడని ఇనుప పెట్టెలో పెట్రోల్ ట్యాంకును బంధించడమంటే దొంగ భయంతో అంతకంటే పెద్ద ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే.

[దృశ్యం: రెండు రంధ్రాలున్న డెక్కు మూత. చేతిలోని రెండు ముళ్ళ తాళంచెవి ఆ రంధ్రాలలో కూర్చుని తిరుగుతుంది.]

వ్యాఖ్యాత: డెక్కు మీది మూతను దగ్గరగా చూడండి. చాలా పడవల్లో దీనికి రెండు చిన్న రంధ్రాలు ఉంటాయి, రెండు ముళ్ళున్న చెవితో తిప్పితే తెరుచుకుంటుంది. చూడటానికి ఇది తాళంలాగే కనిపిస్తుంది కానీ తాళం కాదు. ఇలాంటి చెవి పడవ సామాను అమ్మే దుకాణంలో ఎవరికైనా దొరుకుతుంది, అది లేకపోయినా ముక్కు సన్నటి పట్టకారుతో తిప్పవచ్చు. కనుక మొదటి ఖర్చు పెట్టవలసిన చోటు ఇదే. ఈ మూత స్థానంలో తాళం ఉన్న మూతను బిగించవచ్చు, లేదా మూతకు పైన అడ్డంగా పడే స్టీలు పట్టీని అమర్చి దానికి తాళం వేయవచ్చు.

నా ఓటు పట్టీకే. మూతలోనే ఉన్న తాళానికి ఉప్పునీరు పట్టి కొంతకాలానికి చెవి తిరగడం మానేస్తుంది. అంతకంటే చెడు ఏమిటంటే, తాళం కంత దగ్గరి రబ్బరు వాషరు అరిగితే వాననీరు తిన్నగా ట్యాంకులోకి దిగుతుంది. పట్టీ వేస్తే అసలు మూత చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది. పట్టీని మర మేకులతో బిగించకండి, చిన్న గునపంతో పెళ్ళగిస్తే అవి ఊడివస్తాయి. డెక్కు కిందికంటా వెళ్ళే బోల్టులు వేసి, కింది వైపు వెడల్పాటి లోహపు పలక పెట్టి నట్లు బిగించండి. పట్టీ మూసినప్పుడు బోల్టు తలలు దాని కింద దాగిపోవాలి. పట్టీకి, బోల్టులకు ఉప్పునీటిని తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలును ఎంచుకోండి, తాళానికి ఇత్తడి బాడీ ఉన్నది మంచిది. నెలకొకసారి తాళాన్ని మంచినీటితో కడిగి, ఆరిన తరువాత నూనె చుక్క వేయండి. మొరాయించే తాళాన్ని యజమాని రెండు మూడుసార్లు చూసి విసిగి, ఆ తరువాత వేయకుండా వదిలేస్తాడు. తాళాల విషయంలో నేను ఎక్కువగా భయపడేది దానికే.

లారీలకు వాడినట్లుగా గొట్టం నోటిలో జల్లెడలాంటి లోహపు అడ్డును దించే పద్ధతి కూడా ఉంది. పొట్టిగా, తిన్నగా ఉన్న గొట్టంతో నడిచే డీజిల్ పడవలకు అది పనికొస్తుంది. అయితే డీజిల్ నురగ కక్కి పైకి పొంగే అవకాశం ఉంటుంది కాబట్టి నెమ్మదిగా పోసుకోవలసి వస్తుంది. పెట్రోల్ పడవలకు మాత్రం, ఆ పడవ కోసమే తయారైనది కాకపోతే, వద్దనే చెబుతాను. ఇంధనం పోసేటప్పుడు పుట్టే స్థిరవిద్యుత్తు నిప్పురవ్వగా మారకుండా డెక్కు మీది లోహపు మూతి నుంచి ట్యాంకు వరకు ఒక తీగ కలిపి ఉంటుంది. మూతిని మార్చినా, కొత్త భాగాన్ని దించినా ఆ తీగ సంబంధం తెగకూడదు.

[దృశ్యం: పడవ పక్క గోడ మీద చిన్న గాలి గొట్టం మూతి.]

వ్యాఖ్యాత: ఈ చిన్న మూతి ట్యాంకు ఊపిరి పీల్చుకునే దారి. దొంగ భయంతో దీనిని గుడ్డతోనో టేపుతోనో మూసివేయకండి. ఎండకు ఇంధనం వ్యాకోచిస్తుంది. 100 లీటర్ల పెట్రోల్ 20 డిగ్రీల సెల్సియస్ మేర వేడెక్కితే దాదాపు రెండు లీటర్లు పెరుగుతుంది. దారి మూసుకుపోతే ఆ ఒత్తిడి ట్యాంకు అతుకుల మీద పడుతుంది.

పడవను ఏ వైపు తిప్పి కట్టాలన్నది చాలామంది ఆలోచించరు. ఇంధనం పోసే మూత జెట్టీ దీపాల వైపు ఉండేలా కట్టండి. నీటి మార్గంలో చిన్న తెప్ప మీద వచ్చే దొంగకు చీకటి పక్కనే పని చేసుకునే సౌకర్యం ఉండకూడదు. జెట్టీ చివరి స్థానం కంటే మనుషులు మసలే స్థానం మేలు. మనిషి కదలికకు వెలిగే దీపాన్ని పడవ మీద పెట్టుకునేవారు దానిని కిందికి వంచి, తెల్లటి వెలుగుతో పెట్టండి, లేకపోతే దారిన పోయే పడవలకు అది దిక్కు తెలిపే దీపంగా పొరపడే ప్రమాదం ఉంటుంది.

[దృశ్యం: గీతలు గీసిన కొలబద్ద ట్యాంకులోకి దిగి పైకి వస్తుంది. పక్కన తెరిచిన లాగ్ పుస్తకం.]

వ్యాఖ్యాత: మొత్తం ట్యాంకు ఖాళీ అయితే వెంటనే తెలుస్తుంది. వారానికి పది, పదిహేను లీటర్లు పోతే మాత్రం నెలల తరబడి తెలియదు. ఇంజిన్ ఎక్కువ తాగుతోందని అనుకుంటాం, మెకానిక్‌ను పిలుస్తాం. కొన్నిచోట్ల పనివాళ్ళ మీద అన్యాయంగా అనుమానం కూడా పడుతుంది. ఈ చిన్న దొంగతనాన్ని పట్టించేది లెక్క ఒక్కటే. పడవ దిగేటప్పుడు తేదీ, ఇంజిన్ గంటల మీటరు అంకె, ట్యాంకులో ఉన్న లీటర్లు రాయండి, మళ్ళీ ఎక్కగానే మొదట కొలిచి చూడండి.

గేజిని మాత్రమే నమ్మకండి. పడవ అడుగు ఆకారాన్ని అనుసరించి చేసిన ట్యాంకు కిందికి పోయే కొద్దీ సన్నబడుతుంది. ముల్లు సగం దగ్గర ఉన్నప్పుడు లోపల ఉండేది సగం కంటే తక్కువే. ట్యాంకు దాదాపు ఖాళీగా ఉన్న రోజున పదేసి లీటర్లు కొలిచి పోస్తూ, ఒక్కొక్కసారి కొలబద్ద మీద గీత గీసుకుంటే ఆ పడవకు సరైన కొలత మీ చేతిలో ఉంటుంది. పైగొట్టం వంకరగా ఉండి బద్ద దిగకపోతే, ఇంధనం పోసిన ప్రతిసారీ బంకు మీటరు అంకెతో గేజి ముల్లును పోల్చి రాసుకోండి.

ఖర్చును అంచనా కట్టడానికి, డీజిల్ ఇంజిన్ ఒక కిలోవాట్ శక్తిని ఒక గంటపాటు ఇవ్వడానికి సుమారు పావు లీటరు తాగుతుందని గుర్తుపెట్టుకోండి. 20 కిలోవాట్ల భారంతో నాలుగు గంటలు నడిస్తే 20 లీటర్లు. మీ పుస్తకంలో 35 లీటర్లు తగ్గినట్లు కనిపిస్తే, ముందు ఎక్కడైనా కారుతోందేమో చూడండి, కారడం లేదని తేలితే జెట్టీ మీద విచారించండి.

దొంగ భయంతో ట్యాంకును ఎప్పుడూ అడుగంటా ఖాళీగా ఉంచడం గురించి కూడా చెప్పాలి. ఖాళీ చోటులోని తేమ గాలి రాత్రి చల్లబడి గోడలకు నీటి చుక్కలుగా పడుతుంది. ఆ నీరు డీజిల్ అడుగుకు చేరుతుంది, నీరూ డీజిలూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి ఫిల్టర్లను మూసేస్తాయి. వారానికోసారి వాడే పడవకు తక్కువ ఇంధనం ఉంచడం పర్వాలేదు. నెలల తరబడి కట్టి ఉంచే డీజిల్ పడవకు మాత్రం వ్యాకోచానికి కొంత చోటు వదిలి నింపి, మూతకు మంచి తాళం వేయడమే సరైనది.

[దృశ్యం: ఇంజిన్ గది మూత అంచున చిన్న అయస్కాంత స్విచ్చు. మూత లేవగానే సైరన్ దీపం వెలుగుతుంది.]

వ్యాఖ్యాత: అలారంలలో ఇంజిన్ గది మూతకూ పైన చెప్పిన స్టీలు పట్టీకీ పెట్టే అయస్కాంత స్విచ్చు చవకైనది, నమ్మదగినది. మనిషి కదలికను పసిగట్టే పరికరాలు నీటి మీద ఊగే పడవలో తరచూ ఉత్తినే మోగుతాయి. పడవ దిగేటప్పుడు మెయిన్ బ్యాటరీ స్విచ్చును ఆపివేస్తాం కాబట్టి అలారం తీగను ఆ స్విచ్చుకు ముందే, తగిన ఫ్యూజుతో, బ్యాటరీ నుంచి తీసుకోవాలి. 20 మిల్లీ ఆంపియర్లు తీసుకునే అలారం 30 రోజులకు 14.4 ఆంపియర్-గంటలు వాడుతుంది. 100 ఆంపియర్-గంటల బ్యాటరీకి అది భారం కాదు. కానీ పెట్రోల్ ఇంజిన్ గది లోపల మామూలు సెన్సారును, కెమెరాను పెట్టకండి. అక్కడ వాడే విద్యుత్ పరికరం ఆవిరిని అంటించని రకమై ఉండాలి, అందుకు ఐఎస్ఓ 8846 ప్రమాణం ఉంది.

[దృశ్యం: ఉదయం. డెక్కు మీద మూత తెరిచి పడి ఉంది, పక్కన ఇంధనం మరక.]

వ్యాఖ్యాత: దొంగతనం జరుగుతుండగా చూస్తే దూరం నుంచే పోలీసులకు, రేవు సిబ్బందికి ఫోను చేయండి. ఇంధనం చిందిన చోట పెనుగులాట వద్దు. దొంగ పోయిన తరువాత చూసినట్లయితే ముందు ఇంజిన్‌ను గానీ లోపలి దీపాన్ని గానీ ముట్టుకోకండి. పెట్రోల్ సున్నాకు 40 డిగ్రీలు దిగువన కూడా మండగల ఆవిరిని విడుస్తుంది, తెగిన గొట్టం నుంచి అది పడవ అడుగున నిండి ఉండవచ్చు. వాసన వస్తే మూతలన్నీ తెరిచి సహజమైన గాలి ఆడనివ్వండి. అడుగున పెట్రోల్ కనిపిస్తుంటే ఇంజిన్ గది గాలిని బయటికి తోడే ఫ్యాను, అంటే బ్లోయరు కూడా వేయకండి, బ్లోయరు ఆవిరిని తోడుతుంది కానీ ద్రవాన్ని తోడలేదు. పడవ అడుగున చేరిన నీటిని బయటికి తోడే బిల్జ్ పంపు ఆటోమేటిక్‌గా ఆ ఇంధనాన్ని నీటిలోకి వదలకుండా చూడాలి, కానీ వాసన ఉండగా దాని స్విచ్చు ముట్టుకోకుండా రేవు అగ్నిమాపక సిబ్బందిని పిలవండి. చిందిన దాని మీద సబ్బునీరు పోయకండి, నూనెను పీల్చి నీటిని వదిలే మెత్తలతో అద్దండి.

మూత, గొట్టం, తాళం, కొలబద్ద గీత ఫోటోలు తీసి, లాగ్ పుస్తకంతో, ఇంధనం కొన్న రసీదులతో ఫిర్యాదు ఇవ్వండి. బీమాలో ఇంధనం విలువ రాకపోయినా, పగలగొట్టిన మూత, కోసిన గొట్టం, శుభ్రం చేసిన ఖర్చు వచ్చే అవకాశం ఉంటుంది కనుక వాటిని విడివిడిగా రాయండి. కోసిన గొట్టాన్ని అతికించకుండా, నిప్పును తట్టుకునే ఐఎస్ఓ 7840 రకం కొత్త గొట్టం వేయించండి. మూత తెరిచి ఉన్న రాత్రి వాన పడిందా, అలల నీరు డెక్కు మీదికి వచ్చిందా అన్నది కూడా చూసుకోవాలి. నీటిని పసిగట్టే పేస్టును కొలబద్ద కొసకు రాసి ట్యాంకు అడుగుకు దించండి. రంగు మారితే ఆ నీటిని తోడించి, ఫిల్టరు గిన్నెను ఖాళీ చేసి, ఆ తరువాతే ఇంజిన్ స్టార్టు చేయండి.